అరికాలి మంటకు ఆకుపసరా, ఆసుపత్రి మాత్రా?

(సంఘం వార్షిక సమావేశంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మనం చదువు గురించి, ఉద్యోగాల గురించి, మన భాష, మన పాట, మన అద్దాల కుట్టుపని గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ కావాల్సినవే. ఈ రోజు మాత్రం మేము ఒక నొప్పి గురించి మాట్లాడదలిచాం. మన ఇళ్ళల్లో చాలా ఏళ్ళుగా ఉంది. దానికి సరైన పేరు పెట్టి పిలవడం మాత్రం మనకు అలవాటు కాలేదు.

ముందే చెప్పుకోవాలి, మేము డాక్టర్లం కాము. టీచర్ ట్రైనింగ్ చేసి, గిరిజన హాస్టళ్ళలో పిల్లల బాగోగులు చూసే వార్డెన్లం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఏ హాస్టల్లోనైనా ఆదివారం వస్తే ఆఫీసు గది ముందు బెంచీ నిండిపోతుంది. పిల్లల్ని చూసుకోవడానికి అమ్మలు, అవ్వలు, తాతలు వస్తారు. పిల్ల ఎట్లా చదువుతోందని అడిగిన తరువాత వాళ్ళ నోట మేము ఎక్కువసార్లు విన్న మాట, "మేడం, రాత్రయితే అరికాళ్ళు మంటలు, నిద్ర పట్టదు" అని.

ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. కారం పూసినట్టు ఉందంటారు. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు ఉందంటారు. జోము పట్టి, చెప్పు ఊడిపోయినా తెలియలేదంటారు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఇవన్నీ నరాల నొప్పి గుర్తులు.

మామూలు నొప్పికీ దీనికీ తేడా ఉంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే నరం ఆ కబురును మెదడుకు మోసుకుపోతుంది. అక్కడ నరం తన పని తాను చేస్తోంది. నరాల నొప్పిలో కబురు మోసే ఆ తీగే చెడిపోయి ఉంటుంది. గాయం లేకున్నా మండుతోందని చెబుతుంది. గాయం ఉన్నా ఒక్కోసారి అసలేమీ చెప్పదు. మనకు ఎక్కువ ప్రమాదం ఈ రెండోదానితోనే.

మా పిల్ల ఒకతి అవ్వ సంగతి చెబుతాం. చలికాలం రాత్రి ఇటుకను పొయ్యిలో వేడి చేసి, గుడ్డలో చుట్టి, అరికాళ్ళకు కాపడం పెట్టుకుంది. ఆమెకు హాయిగానే ఉంది, అట్లాగే నిద్రపోయింది. తెల్లారి లేచేసరికి అరికాలు బొబ్బలెక్కి ఉంది. పసుపు పెట్టారు, ఆకు కట్టారు. నొప్పి లేదు కదా, మానిపోతుందిలే అనుకున్నారు. చివరికి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఆమెకు షుగర్ ఉందన్న మాట ఇంట్లోవాళ్ళు మొదటిసారి విన్నది ఆ రోజే.

ఆ తరువాత ఆ ఇల్లు రెండు పక్షాలైంది. నాటు మందు పెట్టినందుకే ఇట్లయిందని కొడుకు. ఆసుపత్రికి పోయినందుకే వేళ్ళు పోయాయని తాత. ఇప్పటికీ ఆ వాదన తెగలేదు. మాకు తెలిసినంతలో ఇద్దరూ అసలు ప్రశ్నను వదిలేశారు. ఆకా, మాత్రా అన్నది రెండో ప్రశ్న. ఆ కాలు ఎందుకు మండుతోంది అన్నది మొదటి ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికి జవాబు చాలా వరకు దానంతట అదే వస్తుంది. మేము ఈ రోజు మీకు చెప్పదలిచింది ఇదే.

ఎందుకు మండుతోంది?

మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కారణాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది షుగర్. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు నరాలు దెబ్బతింటాయి. ముందు కాలి వేళ్ళు, తరువాత అరికాళ్ళు, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. రక్తంలో షుగర్ అదుపులోకి రాకుండా ఏ ఆకు కట్టినా, ఏ మాత్ర మింగినా లోపల నరం చెడిపోతూనే ఉంటుంది. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు షుగర్, బీపీ పరీక్ష పీహెచ్‌సీలో ఉచితంగా చేస్తారు.

రెండోది బీ12 విటమిన్ తక్కువ కావడం. ఇది మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఉంటుంది. సంగటిలో, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. మన పెద్దవాళ్ళలో చాలామంది ఒక వయసు దాటాక పళ్ళు లేవని మాంసం మానేస్తారు, ఖర్చని పాలు మనవళ్ళకు పోస్తారు. పైగా షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర చాలా ఏళ్ళు వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. అట్లాగని మాత్ర మానకూడదు. బీ12 పరీక్ష చేయించి, తక్కువ ఉంటే సూది గానీ మాత్ర గానీ తీసుకోవాలి. ఈ కారణం పట్టుబడితే మనకు అదృష్టమే. తొందరగా కనిపెడితే నరం చాలా వరకు కోలుకుంటుంది.

మూడోది సారాయి. చేదుగా ఉన్నా చెప్పాలి. ఏళ్ళ తరబడి తాగితే మద్యం నేరుగా నరాన్ని దెబ్బతీస్తుంది. తిండి తగ్గి బీ1 విటమిన్ పడిపోతుంది. కాళ్ళ మంట మరిచిపోవడానికి తాగుతున్నామని చెప్పే మామలు, బాబాయిలు మనలో ఉన్నారు. ఆ మంటను పెంచుతున్నది కూడా ఆ సీసానే. ఆ మాట వాళ్ళతో ఎవరో ఒకరు ప్రేమగా చెప్పాలి.

నాలుగోది నడుము, మణికట్టు. ధర్మవరంలో గుంత మగ్గం మీద రోజంతా వంగి కూర్చునేవాళ్ళు, బెంగళూరులో బేల్దారి పనికి పోయి ఇటుకలు, సిమెంటు మోసేవాళ్ళు, ఫ్యాక్టరీల్లో కుట్టు మిషను ముందు కూర్చునే ఆడపిల్లలు ఈ నొప్పికి దగ్గరగా ఉంటారు. నడుములో నరం నొక్కుకుంటే పిరుదు నుంచి పిక్క దాకా లాగుతుంది. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది. పూర్తిగా మంచం పట్టడం కంటే ఓర్చుకోగలిగినంత నడవడమే మేలు. మణికట్టులో నరం నొక్కుకుంటే బొటనవేలు, పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కి రాత్రిపూట నిద్ర లేపుతాయి. దానికి రాత్రి పట్టీ కట్టుకోవడమే మొదటి వైద్యం. ఒక్క హెచ్చరిక: నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, మలమూత్ర స్థానాల దగ్గర స్పర్శ పోయినా, పాదం పైకి లేవకున్నా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. అక్కడ తైలాలతో కాలయాపన చేస్తే కాలు పడిపోతుంది.

ఐదోది సర్పి. ఒంటికి ఒక పక్కన మాత్రమే పట్టీలాగా బొబ్బలు లేచి మండుతుంది. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ క్రిమి నరంలో దాక్కుని, ముసలితనంలో మళ్ళీ లేవడం వల్ల ఇది వస్తుంది. మన దిక్కు కావి రాస్తారు, మంత్రం వేస్తారు. మంత్రం వేయించుకుంటే వేయించుకోనీ, అది మేము కాదనం. అయితే బొబ్బలు కనిపించిన 72 గంటల లోపల అసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెట్టాలి. ఆ మూడు రోజులు దాటిపోతే మందు పట్టు తగ్గుతుంది. బొబ్బలు మానినా కొందరు ముసలివాళ్ళకు నెలల తరబడి మంట మిగిలిపోతుంది. కంటి దగ్గర వస్తే అసలు ఆగకూడదు.

ఆరోది కుష్టు. ఈ మాట అనగానే తల దించుకోవద్దు. 2005 డిసెంబరులో దేశం మొత్తం మీద కుష్టు పదివేల మందికి ఒకరి కంటే తక్కువ స్థాయికి వచ్చింది. అంటే పూర్తిగా పోయిందని అర్థం కాదు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్టు రోగుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనే ఉన్నారు. ఒంటి మీద పాలిపోయిన గానీ ఎర్రబడిన గానీ మచ్చ, దాని మీద స్పర్శ లేకపోవడం, మోచేతి దగ్గర నరం లావై నొప్పి పెట్టడం దీని గుర్తులు. మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఆరు నెలలు, లేకపోతే పన్నెండు నెలలు వాడితే నయమవుతుంది. నరం కొత్తగా దెబ్బతిన్నప్పుడు ఆరు నెలల లోపు చూపిస్తే తిరిగి బాగయ్యే అవకాశం ఉంటుంది. దాచిపెట్టిన ప్రతి నెలా చేతి వేళ్ళకు, కాలి వేళ్ళకు నష్టం.

ఇంకొకటి టీబీ మందు. ఐసోనియాజిడ్ అనే మాత్ర వల్ల కొందరికి అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. దానికి విరుగుడుగా పైరిడాక్సిన్, అంటే బీ6 ఇస్తారు. తిమ్మిరి వచ్చిందని టీబీ మందు మానేయడం ప్రాణానికే ముప్పు. టీబీ సెంటర్లో చెబితే చాలు. థైరాయిడ్, కిడ్నీ జబ్బు, హెచ్‌ఐవీ వల్ల కూడా నరాలు దెబ్బతింటాయి కాబట్టి డాక్టరు రాసిన రక్తపరీక్షలను డబ్బు దండగ అనుకోవద్దు.

ఒక్క నిమిషం పరీక్ష

ఇంటికి పోయి మీరే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. ఇంగ్లండులోని ఇప్‌స్విచ్ ఊరి ఆసుపత్రి వైద్యులు షుగర్ రోగుల కోసం తయారుచేశారు. దీనికి మిషను అక్కర్లేదు, మీ చూపుడు వేలు చాలు.

అవ్వను మంచం మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమనండి. ఎప్పుడు తాకినట్టు అనిపిస్తే అప్పుడు కుడి కాలో, ఎడమ కాలో చెప్పమనండి. మీ చూపుడు వేలి కొనతో కుడి కాలి బొటనవేలి కొనను ఒకటి రెండు క్షణాలు మెల్లగా తాకండి. తరువాత కుడి చిటికెన వేలు. తరువాత ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు. చివరికి కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు. మొత్తం ఆరు. నొక్కవద్దు, గిల్లవద్దు, తట్టవద్దు. ఈక తగిలినట్టు ఉండాలి. చెప్పకపోతే మళ్ళీ అదే వేలిని తాకి అవకాశం ఇవ్వవద్దు. ఆరింటిలో రెండు గానీ అంతకు మించి గానీ తెలియకపోతే ఆ పాదంలో స్పర్శ తగ్గినట్టే అనుకుని డాక్టరుకు చూపించాలి.

స్పర్శ తగ్గిన పాదానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. వేడి ఇటుక, వేడి ఉప్పు మూట, వేడి నీళ్ళ సీసా, మరిగే నీళ్ళ తొట్టి దాని దగ్గరికి రాకూడదు. స్నానం నీళ్ళు ఎంత వేడి ఉన్నాయో స్పర్శ బాగున్న ఇంకొకరు మోచేయి పెట్టి చూడాలి. వాత అసలు పెట్టకూడదు. ఇంటి లోపల కూడా చెప్పులు లేకుండా నడవకూడదు. చెప్పు వేసుకునే ముందు లోపల చేయి పెట్టి చూడాలి, కంపచెట్టు ముల్లు చెప్పులోంచి దిగినా ఆ కాలికి తెలియదు. రోజూ రాత్రి లైటు కింద రెండు పాదాలూ, వేళ్ళ సందులూ చూడాలి. ముసలివాళ్ళకు చూపు ఆనదు, వంగడం కుదరదు. ఆ పని మనవళ్ళు, మనవరాళ్ళు చేయాలి. కుష్టు వల్ల స్పర్శ పోయినవాళ్ళకు మెత్తటి ఎంసీఆర్ చెప్పులు ప్రభుత్వ కార్యక్రమం కిందే ఉచితంగా ఇస్తారు. అడిగి తీసుకోవాలి.

ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా నడిచినవాళ్ళు సుగాలీల తాతముత్తాతలు. అడవులూ గుట్టలూ తిరిగి తేనె, దుంప, వెదురు తెచ్చినవాళ్ళు ఎరుకల, యానాది పెద్దలు. పాదం మీద బతికిన జాతులం. పాదం చూడడం మనకు చిన్నతనం కాకూడదు.

మన ఆకులు

ఇప్పుడు ఆకుల దగ్గరికి వద్దాం. నాటు మందంటే అంతా మూఢనమ్మకం అనేవాళ్ళు ఉన్నారు. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి చెడు చేయదు అనేవాళ్ళూ ఉన్నారు. మేము ఈ మందులను మూడు కుప్పలుగా పోస్తాం.

మొదటి కుప్ప, వాడుకోదగినవి. గోరువెచ్చని నువ్వుల నూనెతో మెల్లగా మర్దన, వావిలాకు వేసి కాచి చల్లార్చిన నీళ్ళతో స్నానం, రోజూ నడక, నడుముకూ పిక్కలకూ తెలిసినవాళ్ళు నేర్పిన ఆసనాలు, వేళకు నిద్ర. ఇవి నరాన్ని బాగుచేస్తాయని మేము చెప్పం. ఒళ్ళు సడలుతుంది, నిద్ర పడుతుంది, నిద్ర పట్టిన రోజు నొప్పి తక్కువ అనిపిస్తుంది. నడక వల్ల షుగర్ కూడా తగ్గుతుంది. పుండు ఉన్న చోట మాత్రం మర్దన వద్దు, వేళ్ళ సందుల్లో నూనె నిలవనీయవద్దు.

రెండో కుప్ప, అడిగి వాడాల్సినవి. పొడపత్రి, మెంతులు, కాకరకాయ రసం షుగర్ తగ్గిస్తాయని తాగుతారు. షుగర్ మాత్రలతో పాటు ఇవి ఎక్కువ తాగితే షుగర్ మరీ పడిపోయి కళ్ళు తిరగవచ్చు. నరాలకు బలం అని మందుల షాపులో సొంతంగా కొనే విటమిన్ మాత్రలు కూడా ఈ కుప్పలోవే. బీ6 తక్కువైతే నరం దెబ్బతింటుంది. పెద్ద మోతాదులో నెలల తరబడి మింగినా అదే నరం దెబ్బతింటుంది. ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు చెప్పాలి.

మూడో కుప్ప, దూరం పెట్టాల్సినవి. ఉమ్మెత్త విషం, ఆకైనా గింజైనా. జిల్లేడు పాలు చర్మాన్ని కాలుస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. నల్లజీడి రసం బొబ్బలెక్కిస్తుంది. సంతలో, బస్టాండులో పేరూ చిరునామా లేకుండా పొట్లాల్లో అమ్మే పొడులను అన్నిటికంటే ఎక్కువ అనుమానించాలి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, సీసం, ఆర్సెనిక్ బయటపడిన సందర్భాలు ఉన్నాయి. స్టెరాయిడ్ కలిస్తే రెండు రోజుల్లో నొప్పి మాయమైనట్టు ఉంటుంది, లోపల షుగర్ ఎగబాకుతుంది. సీసం, ఆర్సెనిక్ అయితే నరాలనే తినేస్తాయి. అడవిలో ఆకు కోసి, దాని పేరు చెప్పి, ఎదురుగా నూరి ఇచ్చే మన తాతను, ఆ పొట్లం అమ్మేవాడిని ఒకే గాటన కట్టవద్దు.

మిరపకాయ సంగతి

హిందూపురం మార్కెట్ యార్డుకు ఎండుమిర్చి సీజన్లో పోయినవాళ్ళకు తెలుసు, గేటు దగ్గరే తుమ్ములు మొదలవుతాయి. ఆ మిరపలోని కారానికి కాప్సైసిన్ అని పేరు. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే ఒక ద్వారం ఉంటుంది. కాప్సైసిన్ ఆ ద్వారాన్నే తడుతుంది. అందుకే కారం తింటే నోరు కాలినట్టు అనిపిస్తుంది. ఆ ద్వారాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కాప్సైసిన్‌ను కొలిచి మళ్ళీ మళ్ళీ పూస్తే ఆ నరం కొసలు అలసిపోయి మంట కబురు పంపడం తగ్గిస్తాయి. అందుకే నరాల నొప్పికి 0.025 నుంచి 0.075 శాతం కాప్సైసిన్ ఉన్న పూత మందు ఉంది. 8 శాతం పట్టీ కూడా ఉంది, దాన్ని డాక్టర్ల సమక్షంలోనే వేస్తారు.

ఇది విని ఇంట్లో మిరపకాయలు నూరి అవ్వ కాలికి పూయకండి. కొలత తెలియని కారం, స్పర్శ లేని చర్మం కలిస్తే పుండే మిగులుతుంది. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ కథ కూడా ఐరోపాలో గలేగా అనే మొక్క దగ్గరే మొదలైంది. ఆ మొక్కలోని పదార్థం ఉన్నదున్నట్టు వాడితే విషం. దాన్ని పోలిన మందును తయారుచేసి, మోతాదు కట్టి, 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడు. చెట్టుకూ మాత్రకూ మధ్య మనం అనుకున్నంత పెద్ద గోడ లేదని చెప్పడానికే ఈ రెండు కథలు. మధ్యలో ఉన్నది కొలత, పరీక్ష.

ఆసుపత్రి మాత్రలు

చదువుకున్న పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఈ నొప్పికి మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు. ఊళ్ళో సూది వేయించుకుని, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండు, కిడ్నీకి చేటు. షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీ ముందే నలిగి ఉంటుంది.

నరాల నొప్పికి డాక్టర్లు రాసేవి వేరు. అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ అని పేర్లు ఉంటాయి. మొదటి రెండూ దిగులు జబ్బుకు కూడా వాడతారు, మూడోది మొదట మూర్ఛ కోసం వచ్చింది. మీరు ఫోనులో ఆ పేరు కొట్టి చూస్తారు. "అవ్వా, నీకు పిచ్చి మందు ఇచ్చారు" అంటారు. అవ్వ ఆ రాత్రే మాత్రలు పారేస్తుంది. ఇలాంటివి మేము చాలా ఇళ్ళల్లో చూశాం. నరం పంపే తప్పుడు కబురును తగ్గించే గుణం ఆ మందులకు ఉంది కాబట్టే ఇస్తారు. అవ్వ మనసు చెడిందని కాదు.

ఇవి మొదటి రోజే పనిచేయవు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నొప్పి పూర్తిగా పోకపోవచ్చు, సగానికి తగ్గితే మందు బాగా పనిచేసినట్టు డాక్టర్లు లెక్కిస్తారు. ఒకటి పడకపోతే ఇంకొకటి మారుస్తారు. మత్తు, నోరు ఎండడం, తూలడం, కాళ్ళ వాపు రావచ్చు. రాత్రి మూత్రానికి లేచినప్పుడు పడిపోకుండా తోడు ఉండాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, మూత్రం ఆగే ఇబ్బంది, కంటి ఒత్తిడి ఉంటే ముందే చెప్పాలి. ఉన్నట్టుండి ఆపకూడదు. సారాయితో కలిపితే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఊపిరిని మందగింపజేస్తాయి. ఒకరి మాత్ర ఇంకొకరు మింగడం, మత్తు కోసం మింగడం రెండూ ప్రమాదమే, తమ్ముళ్ళూ.

ఎక్కడ చూపించాలి అంటారా? ముందు మీ ఏఎన్ఎం, ఆశా అక్కకు చెప్పండి, పీహెచ్‌సీకి పోండి. అక్కడి నుంచి హిందూపురం జిల్లా ఆసుపత్రి, ధర్మవరం ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. ధర్మవరానికి దగ్గరలోనే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. నరాల డాక్టరే చూడాలని రాస్తే అనంతపురం, కర్నూలు, అదీ కాకపోతే బెంగళూరు నిమ్హాన్స్. బెంగళూరుకు కూలికి పోయే మన రైలే అక్కడికీ పోతుంది.

మీ వంతు

చివరిగా, ఇవన్నీ మీకే ఎందుకు చెబుతున్నాం? మన ఇళ్ళల్లో అవ్వ ఆకు గురించి డాక్టరుకు చెప్పదు, తిడతారని భయం. డాక్టరు మాత్ర గురించి నాటు వైద్యుడికి చెప్పదు, నొచ్చుకుంటాడని మొహమాటం. ఇద్దరికీ సగం సగమే తెలుస్తుంది. నష్టం అవ్వకు. ఉమ్మెత్త కలిసిన మందూ అమిట్రిప్టిలిన్ మాత్రా రెండూ నోరు ఎండబెట్టి, మూత్రం బిగబట్టి, మనిషిని అయోమయంలో పడేసే గుణం ఉన్నవే. ఆ రెండూ ఒక కడుపులో కలిశాయని ఎవరికీ తెలియకపోతే ఏమవుతుందో ఆలోచించండి. ఆ రెండు వైపులా మాట మోయగలిగినవాళ్ళు మీరు. గోర్‌బోలీలోనో, ఎరుకల భాషలోనో అవ్వ చెప్పింది విని, తెలుగులో డాక్టరుకు చెప్పగలరు. చీటీ చదివి అవ్వకు విడమర్చగలరు.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన ఏ మాత్ర మొదలైంది, ఏ ఆకు వాడుతున్నారు, రాత్రి నొప్పి పదికి ఎంత, నిద్ర పట్టిందా లేదా రాయండి. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ పుస్తకం, పాత చీటీలు, వాడుతున్న ఆకుపొడి కూడా పట్టుకుపోండి. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనీ, నిజం చెప్పండి. మన తాతలకు తెలిసిన ఆకుల పేర్లు, ఏది దేనికి, ఏది తినకూడదు అన్నది కూడా అదే పుస్తకంలో వెనక నుంచి రాసుకుంటూ రండి. ఆ తెలివి పోకూడదన్నా రాయాలి, దానిలో మంచిచెడులు తేలాలన్నా రాయాలి.

ఇంకొక మాట ఆడపిల్లలకు. మన అమ్మలు ముందు అందరికీ వడ్డించి, చివరికి మిగిలింది తింటారు. నొప్పి కూడా అట్లాగే చివరికి దాచుకుంటారు. "ఎట్లా ఉన్నావమ్మా" అంటే బాగున్నానే అంటారు. కాబట్టి అట్లా అడగకండి. "రాత్రి ఎన్నిసార్లు లేచావు? చెప్పు ఎప్పుడైనా తెలియకుండా జారిందా?" అని అడగండి. నిజం అప్పుడు బయటికి వస్తుంది.

భోజనాలు అయ్యాక మాతో వచ్చిన ఏఎన్ఎం అక్క ఆరు వేళ్ళ పరీక్ష ఎట్లా చేయాలో చూపిస్తుంది. పదిమంది చొప్పున వచ్చి నేర్చుకోండి. ఈ రాత్రికే ఇంట్లో పెద్దవాళ్ళ పాదాలు చూడండి. జై సేవాలాల్. సెలవు.